ఖాస్రాలో లేని పేరు

2017లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు మా చెలక, అంటే మెట్ట చేను, పార్ట్ బీలో పడింది. తెలంగాణలో భూమి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట అంటే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. గొడవ లేని భూములు పార్ట్ ఏలోకి పోయాయి, కొత్త పాసుబుక్కులు వచ్చాయి. ఎవరైనా అభ్యంతరం పెట్టినవి, లెక్క తేలనివి పార్ట్ బీలో ఆగిపోయాయి. పాసుబుక్కు లేకపోతే రైతుబంధు వచ్చేది కాదు, బ్యాంకులో పంట రుణం దొరికేది కాదు, బిడ్డ పెళ్ళికి గుంట అమ్ముకుందామన్నా వీలయ్యేది కాదు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆయన పోయాక విరాసత్ కోసం, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్పించుకోవడానికి వెళ్తే మళ్ళీ అదే అడ్డం. ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి ఫైలు నా చేతికి వచ్చింది. నేను ఎమ్మే హిస్టరీ చదివి బళ్ళో సోషల్ చెప్తాను. ఆ చదువుతో ఏమొస్తుందని మా చుట్టాల్లో చాలామంది అడిగారు. ఈ ఫైలుతో నాకు ఏమి తెలిసివచ్చిందో వివరంగా రాయాలనిపించింది.

మాది పాలకుర్తి దగ్గర ఊరు. చెలక 3 ఎకరాల 12 గుంటలు, పంపకాల్లో నాన్న వాటాకు వచ్చింది. అభ్యంతరం పెట్టింది మా ఊరి నుంచి ఎప్పుడో బొంబాయి పోయి అక్కడే స్థిరపడ్డ ఒక కుటుంబం. మా తాత కూడా ఈ భూమి చేసిండు, మాకూ హక్కుంది అని తెల్లకాగితం మీద రాసిచ్చారు. భూముల ధరలు పెరిగాక గుర్తొచ్చిన హక్కు అది అని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. చిన్నాయన అయితే వాళ్ళ పేరెత్తితేనే మండిపడేవాడు.

వకీలు ఖాస్రా అనే పాత భూమి లెక్కతో సహా కాగితాలన్నీ చూసి ధైర్యం చెప్పాడు. "ఖాస్రాల మీ తాత ఒక్కని పేరే ఉన్నది. తర్వాత దొర దగ్గర సాదా బైనామా మీద కొన్నడు. అది రెగ్యులరైజ్ గూడ అయింది. ఇంకేం గావాలె మేడం?" సాదా బైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. చట్టం వరకు ఆయన మాట సరైనదే అనిపించింది. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఊరి ముఖం చూడని మనవడు, డెబ్బై ఏళ్ళ తర్వాత, ఎక్కడో బొంబాయిలో కూర్చుని, మా సర్వే నంబరునూ విస్తీర్ణాన్నీ తప్పు లేకుండా ఎట్లా రాయగలిగాడు? ఆ ఇంట్లో ఎవరో ఎవరికో చెప్తూ వచ్చి ఉండాలి. ఊరికే చెప్పుకునే మాట అన్నేళ్ళు నిలవదు.

ముందు ఖాస్రా నకలు తీసుకుని కూర్చున్నాను. ఖాస్రా పహాణీ 1954–55లో ఊరూరా, ప్రతి సర్వే నంబరుకూ రాసిన లెక్క. దాన్ని ఎందుకు రాయించారో తెలియాలంటే అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు ఈ నేల మీద ఏం జరిగిందో తెలియాలి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టు 15 నుంచి జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఖాల్సా అని, సర్ఫెఖాస్ అని, పాయిగా అని, జాగీరు అని, మక్తా అని రకరకాల ఏలుబడుల కింద ఉన్న ఊళ్ళన్నీ ఒకే రెవెన్యూ శాఖ కిందికి వచ్చాయి. ఏ భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్న దానికి కొత్త సర్కారుకు ఒక మొదటి లెక్క కావాల్సి వచ్చింది. ఇవాళ్టికీ భూమి గొడవ ఏదైనా "ఖాస్రా తెచ్చినవా?" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

మా నకలులో పట్టాదారు కాలమ్‌లో దొర పేరు ఉంది, కాస్తు (సాగు) కాలమ్‌లో తాత పేరు ఉంది. ఖాస్రాల్లో దిద్దుళ్ళు మామూలే కాబట్టి అక్షరం అక్షరం చూశాను. ఒకే చెయ్యి, ఒకే వరస, కొట్టివేత లేదు, ఇరికించి రాసిన పేరు లేదు. 1955–58 నాటి చేసాల పహాణీ, అంటే ఆ మూడేళ్ళ సాగు లెక్క కూడా తెప్పించి పక్కన పెట్టి చూస్తే అదే పేరు. అంటే పట్వారీ మోసం చేయలేదు. ఆ ఏడు ఆ చెలక దున్నింది మా తాతే.

అక్కడితో ఆగిపోవచ్చు, ఫైలు గెలిచేదే. కానీ కాగితం నిజమా అబద్ధమా అని తేల్చుకోవడంతో చరిత్ర చదివినవాళ్ళ పని అయిపోదు. ఆ కాగితం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో కూడా అడగాలి. సాగు గురించి ఖాస్రా అడిగింది ఒక్కటే: ఇవాళ చేను మీద ఎవరున్నారు? నిన్న ఎవరున్నారు, వాళ్ళు ఇవాళ ఎందుకు లేరు అన్నదానికి ఆ పుస్తకంలో కాలమే లేదు. 1954కు ముందు జనగామ తాలూకాలో మనుషులు తమ చేల మీద లేకుండా పోవడానికి ఎన్ని కారణాలున్నాయో నాకు తెలుసు. ప్రతి ఏటా పిల్లలకు చెప్పే పాఠమే అది.

తాత సందుగ అమ్మ దగ్గర ఉంది. దాంట్లో సిస్తు రశీదులు, పాత రేషన్ కార్డు, ఎర్ర గుడ్డలో చుట్టిన కొన్ని ఉర్దూ కాగితాలు ఉన్నాయి. ఆ ఉర్దూ కాగితాలను మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చదివించలేదు. దసరాకు బొట్టు పెట్టి మళ్ళీ చుట్టిపెట్టేవాళ్ళు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు మాట్లాడే రైతు భూమికి సంబంధించిన ముఖ్యమైన కాగితాలు అతనికి రాని భాషలో రాశారు. సర్వే లెక్క అయిన సేత్వార్ ఉర్దూలో, కౌల్‌నామా ఉర్దూలో, ఏటేటా మార్పులు రాసే ఫైసల్ పట్టీ ఉర్దూలో. తన పేరు ఎక్కడ రాశారో కూడా గుర్తుపట్టలేని మనిషి ఆ కాగితాన్ని దేవుడి పటం లెక్క దాచుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో కదులుతుంది.

హనుమకొండలో ఉర్దూ మీడియం బడిలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు ఉన్నారని తెలిసి ఆయన దగ్గరికి పోయాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ రాత శికస్తా, అంటే అక్షరాలు విరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే గొలుసుకట్టు. ఈ కాలంలో ఉర్దూ చదివినవాళ్ళు కూడా దాన్ని చదవలేరట. ముందు మాటలు ఒక్కొక్కటిగా దొరికాయి. ఖుష్కి, అంటే మెట్ట. రకబా, అంటే విస్తీర్ణం. ఊరి పేరు. నంబరు. మా చెలకే. అది దొర ఇచ్చిన కౌల్‌నామా.

తారీఖు దగ్గర ఇద్దరం కాసేపు ఆగాం. ఖుర్దాద్ నెల, 1347 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం నాటి రెవెన్యూ సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం అని అందరూ చెప్పే లెక్క. దాని ప్రకారం 1937 అవుతుంది. కానీ నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఖుర్దాద్ వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో జనవరి దాటి కొత్త సంవత్సరం వచ్చేసి ఉంటుంది. కాబట్టి ఆ కాగితం 1938 ఏప్రిల్ ప్రాంతంలోది. ఇంత చిన్న తేడాతోనే పాత కేసుల్లో కాగితాలు ఒకదానికొకటి పొసగడం లేదని పక్కన పడేస్తుంటారు. తారీఖు సరిగా కట్టడం రాకపోతే మంచి ఆధారం కూడా పనికిరాకుండా పోతుంది.

మాస్టారు కింది వరసకు వచ్చి భూతద్దం కొంచెం ఎత్తారు. "అమ్మా, ఇక్కడ రెండు పేర్లున్నాయి" అన్నారు. ఒకటి తాతది. రెండోది, బొంబాయి వాళ్ళు అర్జీలో రాసిన పేరు. చెరి సగం పొత్తు మీద కౌలుకు తీసుకున్నారని స్పష్టంగా ఉంది. ఎనభై ఏళ్ళకు పైగా మా ఇంట్లోనే, మా సందుగలోనే ఉంది ఆ పేరు.

ఒక్క కాగితంతో ఏదీ తేలదు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఒకటి తయారైంది. జనం దాన్ని పీటీ (ప్రొటెక్టెడ్ టెనెంట్) రిజిస్టరు అంటారు. చట్టం చెప్పిన కాలంలో వరసగా ఆరేళ్ళు కౌలు చేసినవాళ్ళను అందులో ఎక్కించారు. తెలంగాణలో ఎంతోమంది రైతులకు తర్వాత యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్లు వచ్చింది ఈ రిజిస్టరు ఆధారంగానే. ఖాస్రా గురించి అందరూ మాట్లాడతారు గానీ దీన్ని అడిగేవాళ్ళు తక్కువ. మా ఊరి నకలు కోసం చాలా కాలం తిరగాల్సి వచ్చింది. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లా, మొన్నటిదాకా వరంగల్ జిల్లా. కానీ ఆ రిజిస్టరు రాసేనాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఏ కాలంలో మన ఊరు ఏ జిల్లాలో ఉందో తెలియకపోతే ఏ రికార్డు రూములో అడగాలో కూడా తెలియదు. చివరికి దొరికింది. మా సర్వే నంబరు ఎదురుగా రెండు పేర్లూ ఉన్నాయి.

పీటీ రిజిస్టరులో ఇద్దరున్నారు, కొన్నేళ్ళు తిరిగేసరికి ఖాస్రాలో ఒక్కరే ఉన్నారు. రెండూ సర్కారు పుస్తకాలే, రెండూ నిజమే. మొదటిది ఇన్నాళ్ళూ ఎవరు చేశారని అడిగింది. రెండోది ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడిగింది. ఆ మధ్యలో ఆ మనిషికి ఏమైందో ఏ రిజిస్టరూ చెప్పదు. చెప్పగలిగిన మనిషి మా చిన్న నాయనమ్మ ఒక్కతే మిగిలింది. నాయనమ్మ చెల్లెలు, పోలీస్ యాక్షన్ నాటికి పన్నెండేళ్ళ పిల్ల.

పెద్దవాళ్ళను సంవత్సరం అడిగితే చెప్పలేరు. వాళ్ళ లెక్క వేరు. "రజాకార్ల కాలం", "యూనియన్ మిలిటరీ వచ్చిన ఏడు", "వినోబా వచ్చినప్పుడు", "మొదటి ఓట్లు". ఆ గుర్తులకు తారీఖులు మనం కట్టుకోవాలి. భూదానం అడిగిన వినోబా భావే పోచంపల్లికి వచ్చింది 1951 ఏప్రిల్‌లో. మొదటి ఎన్నికలు మాకు 1952లో వచ్చాయి. ఆ గుర్తుల మధ్య పెట్టి అడిగితే ఆమె జ్ఞాపకం వరసగా వచ్చింది.

"ఇద్దరు పొత్తులనే చేసిండ్రు బిడ్డా. జొన్న ఒక్క కల్లంలనే కొట్టేటోళ్ళు. ఆయన సంగంల తిరిగెటోడు. కడివెండిల కొమరయ్యను కాల్చినంక ఇంగ ఇంటి పట్టున ఉండలె. మిలిటరోళ్ళు వచ్చినంక పట్టుకపోయిండ్రు. వరంగల్ జైల్ల పెట్టిండ్రన్నరు. వినోబా వచ్చిపోయిండు, ఓట్లు గూడ అయిపోయినయి, అప్పుడొచ్చిండు. చెల్కల అడుగు పెట్టనియ్యలె దొర మనుషులు. మీ తాత ఏమంటడు, దొరతోని? కొన్ని నెలలుండి, పెండ్లాం పిల్లలను తీస్కొని బొంబయి పోయిండు."

ఆమె చెప్పిన సంగం అంటే ఆంధ్ర మహాసభ. ఆ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కడివెండిలో కాల్చి చంపింది 1946 జులై 4న. సాయుధ పోరాటం అక్కడ రగిలింది. మా పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ మల్లంపల్లి మక్తెదారు దగ్గర కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే, సంఘం వాళ్ళు నిలబడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. పోలీస్ యాక్షన్‌తో పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ విరమించేదాకా సాగింది. ఆ మూడేళ్ళలో యూనియన్ సైన్యమూ పోలీసులూ వేల మందిని పట్టుకుని జైళ్ళలో పెట్టారు. పాఠ్యపుస్తకంలో ఇదంతా కొన్ని పేరాలు, కింద నాలుగు బిట్లు. పిల్లలు తారీఖులు బట్టీ పట్టి రాసేస్తారు. అదే పాఠాన్ని మా ఖాస్రా పక్కన పెడితే, కాస్తు కాలమ్‌లో ఒక్క పేరే ఎందుకుందో చెప్పేది అదే. ఎంతమంది పేర్లు ఇట్లా పోయి ఉంటాయో, మన జిల్లాలో ఏ ఖాస్రా అయినా తెరిచి, ఆ ఊరి పీటీ రిజిస్టరు పక్కన పెట్టి చూడమని నేను ఎవరినైనా అడుగుతాను.

ఆ తర్వాతే బొంబాయికి ఫోన్ చేశాను. అర్జీ పెట్టినాయన ఇక్కడికి వచ్చాడు, చెల్లెలిని కూడా వెంట తెచ్చుకున్నాడు. వాళ్ళు మాట్లాడే తెలుగులో మరాఠీ కలిసిపోయింది గానీ మా ఊరి యాస పోలేదు. వాళ్ళ తాత మిల్లులో పనిచేసి, అక్కడే పోయాడు. ఆయన జైలు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చారు. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది, వరంగల్ జైలు ముద్ర మాత్రం తెలుస్తోంది, సంవత్సరం 1952. దాని వెనకవైపు పెన్సిలుతో, తెలుగులో, మా సర్వే నంబరు రాసి ఉంది. కింద 3–12. సంఘం నడిపిన రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలట అవి. మనవడు ఎట్లా రాయగలిగాడన్న నా ప్రశ్నకు జవాబు అదే.

వాళ్ళకు ఈ భూమి మీద చట్టం ప్రకారం ఎంత హక్కు మిగిలి ఉందన్నది వేరే విషయం. తాత దొరకు డబ్బు కట్టి కొన్నాడు, అందులో దొంగతనం ఏమీ లేదు. వకీలు ఇప్పటికీ మీదే గెలుపంటాడు. చిన్నాయన "నిన్ను చదివించింది ఇండ్లు ముంచనీకెనా" అన్నాడు, అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఆ చెలకను రాళ్ళేరి, కంప నరికి సాగులోకి తెచ్చినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

అమ్మ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అంది. "మీ తాత పైసలు పెట్టి కొన్నది నిజమే. గా మనిషి జైలుకు పోకపోయుంటే సగం పైసలు ఆయనే పెడుతుండె గద." భూమి ఆమె భర్త వాటా, బతికేది ఆమె, కాబట్టి మాట ఆమెదే. వాళ్ళేమీ సగం అడగలేదు. మొత్తం తేలాక ఒక ఎకరం వాళ్ళకు రాసిచ్చేట్టు, వాళ్ళు అభ్యంతరం వాపసు తీసుకునేట్టు ఊరి పెద్దల ముందు మాట్లాడుకున్నాం. తక్కువ ఇచ్చారనేవాళ్ళూ ఉన్నారు, ఎక్కువ ఇచ్చారనేవాళ్ళూ ఉన్నారు. నా మట్టుకు నాకు సగమే న్యాయమనిపిస్తుంది. అమ్మకు ఆ మాట చెప్పాను. ఆమె బతుకుదెరువు ముందు నేను పట్టుపట్టలేదు.

ఇదంతా చూసి నేను బళ్ళో పాఠం చెప్పే తీరు మారింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఒక పని చేయిస్తున్నాను. ఇంట్లో ఉన్న అతి పాత కాగితం ఏదైనా సరే, దాని గురించి నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకు రావాలి: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు అడిగితే రాశారు, ఎవరి పేరు ఉండాల్సి ఉండి లేదు. నాలుగో ప్రశ్నకు ఎక్కువమంది ఆడపిల్లలు ఒకే జవాబు తెస్తారు. నాట్లు వేసింది నాయనమ్మ, కలుపు తీసింది నాయనమ్మ, కాస్తు కాలమ్‌లో తాత పేరు. మా ఖాస్రాలోనూ నాయనమ్మ పేరు లేదు. ఐలమ్మ ఊరి చుట్టుపక్కల కూడా అంతే. ఒక పిల్లవాడు తెచ్చిన రశీదు మీద 1356 అని చూసి తరగతి మొత్తం కాకతీయుల కాలం అనుకుంటే, ఫస్లీ లెక్క బోర్డు మీద కట్టి చూపించాను. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంజనీరింగ్‌కు పనికొచ్చే లెక్కలు, సైన్స్ తప్ప మిగతాది టైం దండగ అని పేరెంట్స్ మీటింగుల్లో ఇప్పటికీ అంటారు. నేను వాళ్ళతో వాదన పెట్టుకోను. మీ పొలం ఖాస్రా ఒకసారి తెచ్చి చూపించండి, చదువుదాం అంటాను. తెచ్చినవాళ్ళు పట్టాదారు ఎవరు, కాస్తుదారు ఎవరు, ఇద్దరూ ఒకరే ఎందుకు కాలేదు అని మెల్లగా అడగడం మొదలుపెడతారు. అక్కడి నుంచి దొరలదాకా, వెట్టిదాకా, జాగీరు రద్దుదాకా ఎవరూ తోయకుండానే పోతారు.

మా ఫైలు ఇంకా నడుస్తోంది. భూరికార్డుల కొత్త చట్టం భూభారతి అమల్లోకి వచ్చాక రెండు కుటుంబాలం కలిసి ఒకే అర్జీ ఇచ్చాం. కౌల్‌నామాకు మాస్టారు చేసిన తెలుగు తర్జుమా, పీటీ రిజిస్టరు నకలు, ఖాస్రా, చేసాల పహాణీ, జైలు చీటీ జిరాక్సు వరసగా పెట్టాం. అర్జీలో ఒక పేరా అమ్మ పట్టుబట్టి రాయించింది: ఫలానా వ్యక్తి 1954–55లో సాగులో లేకపోవడానికి కారణం, ఆయన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొని జైలుకు పోవడం, విడుదలై వచ్చాక దొర మనుషులు చేలోకి రానివ్వకపోవడం. కాగితాలు తీసుకున్న గుమాస్తా, ఇది కేసుకు అవసరం లేదు, కొట్టేయమన్నాడు. ఉంచమన్నాం. ముద్ర వేసి తీసుకున్నాడు. సర్వేయర్ వచ్చి ఎకరం కొలిచి హద్దురాళ్ళు పాతాల్సి ఉంది. వానలు తగ్గాక వస్తామన్నారు.